మానేసినవాళ్ళతోనే పని

"మామ్మా, నువ్వింకా గుంటలు తవ్వే విత్తుతున్నావంటే చెప్పేయ్, వెళ్ళిపోతా. మానేసినవాళ్ళతోనే నాకు పని."

మోటార్ సైకిల్ దిగకుండానే అడిగాడు సర్వేకి వచ్చిన గరికాయి. ముచానెత అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

"మానేశానయ్యా. దిగి కూర్చో" అని పీట వేసింది.

మస్వింగో పట్నం పక్కన ఆ ఊళ్ళో గుంటల సేద్యం ఎరగనివాళ్ళు లేరు. నాగలి ముట్టకూడదు. పారతో వరసగా గుంటలు తవ్వి, విత్తి, నేలంతా చొప్ప పరచాలి. విత్తనం, ఎరువు ఉచితంగా ఇచ్చిన మూడేళ్ళూ ఊరంతా తవ్వింది. అవి ఆగిపోగానే 'తవ్వి చావడమే' అని తిట్టుకుని ఎద్దులున్నవాళ్ళంతా నాగళ్ళు దింపారు. ఎద్దుల్లేని ముచానెతే అందరికన్నా ఎక్కువకాలం తవ్వింది.

మరి నువ్వెందుకు మానేశావని అడిగితే పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది. కోతలయ్యాక ఎవరి చేలోనైనా ఊరి పశువులు మేయొచ్చు, అది ఆనవాయితీ. ఈవిడేమో చొప్ప కోసం కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. దాంతో పక్కింటి చకనెత్స పలకరించడం మానేశాడు. బోరింగు దగ్గర అతని భార్య మొహం తిప్పుకుంది.

"నడుం నొప్పి సంగతి అటుంచు. పొద్దస్తమానం గుంటతో తప్ప మనిషితో మాట లేదు. ఎన్నాళ్ళని?"

గరికాయి రాయడం ఆపాడు. "మరిప్పుడో?"

ముసలమ్మ మొహం విప్పారింది. వానలు పడగానే తను రాగుల బీరు కాస్తుందట, ఆ బీరు కోసం ఊరు ఊరంతా తన చేలోకి దిగుతుందట. చకనెత్సే ఎద్దుల్ని తోలుకొస్తాడట. వెనకే ఆడవాళ్ళు విత్తుతూ ఒకటే పాటలు, వెక్కిరింతలు. క్రితంసారి చకనెత్స తాగేసి, ఎద్దు మెడనుకుని బావమరిది మెడకి కాడి కట్టబోయాడట. గరికాయి పడీపడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా.

"మళ్ళీ గుంటలు తవ్వమంటే తవ్వుతావా?"

"అప్పుడప్పుడూ నువ్విలా వచ్చి కూర్చుంటానంటే చూద్దాం."

చేను చూస్తానన్నాడు. గుట్ట దాటాలి, ఎండ మాడ్చేస్తోంది, ఎందుకొచ్చిన శ్రమ అని దోసెడు వేయించిన వేరుసెనగలు అతని జేబులో పోసింది. వచ్చే నెల తప్పకుండా వస్తానన్నాడు. వచ్చినవాళ్ళంతా అనే మాటే అయినా ఆమె ప్రాణానికి హాయిగా ఉంది.

బండి చప్పుడు పూర్తిగా అణిగాక, ముచానెత పార భుజాన వేసుకుని, పొద్దున సగం తవ్వి వదిలిన గుంట దగ్గరికి వెళ్ళింది.