చూశావన్నారు

అది 1980 ఫిబ్రవరి. సూర్యగ్రహణమని నూజివీడు దగ్గర ఒక ఊళ్లో మామిడిపూతకు మందు కొట్టే కూలీలు కూడా పని మానేసి, ఇళ్లకు పోయి తలుపులు వేసుకున్నారు.

హెడ్మాస్టరు వద్దన్నా వినకుండా, సైన్సు టీచరు సుభాషిణి బడి ముందు టెలిస్కోపు నిలబెట్టింది. దాని వెనక పెట్టిన తెల్లకాగితం మీద సూర్యుడి బొమ్మ పడుతోంది. ఏడో తరగతి మొత్తానికి వచ్చింది ఒక్క ఆడపిల్ల. పుట్టుకతోనే పెదవి చీలిన పిల్ల. ఊళ్లోవాళ్లు దాన్ని గ్రహణం మొర్రి అంటారు.

కాగితం మీద సూర్యుడు సగం తరిగేసరికి, ఆ పిల్ల తల్లి నాగేంద్రమ్మ విసురుగా వచ్చింది. కూతుర్ని లాక్కుపోతుందనుకుని సుభాషిణి అడ్డం నిలబడింది.

“మొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదు నాగేంద్రమ్మా!”

“నాకు తెలుసండీ. ఇది కడుపులో ఉండగా గ్రహణం పట్టినంతసేపూ చీకటి గదిలోనే పడుకున్నాను. కదల్లేదు. ఆ మాట మా ఆయన కూడా నమ్మలేదు.”

ఎదురింటి కిటికీలోంచి ఎవరో తిట్టారు. నాగేంద్రమ్మ అటు చూడనైనా లేదు. కూతురి పక్కన కాగితం ముందు కూర్చుంది.

“పన్నెండేళ్ల నుంచి చూశావు, చూశావు అంటున్నారు. ఏం చూశానో ఇవాళ చూపించండి టీచరు గారూ.”