రెప్పవెంట్రుకలు

"కదలకురా, కంట్లో గుచ్చుకుంటుంది," అంటూ అక్క చిన్న కత్తెరని తమ్ముడి రెప్పల దగ్గరికి తెచ్చింది.

పేగు క్యాన్సర్‌కి ఎక్కించే మందు అతని కనురెప్పల వెంట్రుకల్ని విపరీతంగా పెంచుతోంది. అతను గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుంటే వెంట్రుకలు అద్దానికి తగిలి కంట్లోంచి నీళ్లు కారేవి. అందుకే పదిహేను రోజులకోసారి, ఆదివారం పూట, అక్క వాటిని కత్తిరిస్తుంది.

ఈసారి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కత్తిరించడానికేం లేదేమిట్రా? పోయినసారీ అంతంతమాత్రమే. మందు ఎక్కించుకుంటున్నావా?"

అతను ఆమె చేతిలోని కత్తెర తీసి పక్కన పెట్టాడు.

"లేదక్కా. నెలన్నరైంది. డాక్టరే ఆపేశారు. కణాల్ని పెరగమని పురమాయించే ప్రొటీన్ ఒకటుందట. ఈ మందు దాని నోరు నొక్కేదట. జబ్బు ఇప్పుడు ఇంకో దారి వెతుక్కుందట."

"మరి ఆ సోమవారాలన్నీ నన్ను రావద్దని, ఆస్పత్రికని చెప్పి ఎక్కడికెళ్లావు?"

"షాపుకే. తలుపులేసుకుని బల్ల మీద పడుకునేవాణ్ణి. నీకు చెబితే రిపోర్టులు చంకన పెట్టుకుని మరో ఆస్పత్రికి లాక్కెళ్తావు. నాకిక ఓపిక లేదక్కా."

మరో డాక్టరు పేరు అప్పటికే ఆమె నోటిదాకా వచ్చింది. బలవంతాన మింగేసింది. రెండేళ్లుగా ఆస్పత్రి వరండాల్లో కూర్చుని కూర్చుని వాచిపోయిన తన పాదాలవంక చూసుకుంది.

"నిద్ర పట్టేదా?" అంది చివరికి.

"హాయిగా."

"రేపు నేనూ వస్తా. రెండు తలగడలు తెస్తా."

"నాకొకటి చాలక్కా."

"రెండోది నాకురా. నేనూ అలిసిపోయాను."