రెండో గేటు

పొలంలో రెండో గేటు దగ్గర మళ్లీ ఆగిపోయిన పాత మోటార్ సైకిల్‌ని ఇంటికి తోసుకొచ్చి, మెర్వ్ కార్బురేటర్ విప్పాడు. పెట్రోలు చిమ్మే జెట్ శుభ్రంగానే ఉంది.

“అమ్మెయ్యరాదూ,” అంది భార్య డల్సీ, టీ అందిస్తూ.

“నిన్ను అమ్మానా?”

“నన్నెవరు కొంటార్లే.”

పెట్రోలు చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు. ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది. మూతకుండే గాలి కన్నంలో ఎవరో కొవ్వొత్తి మైనం కూరారు. గాలి ఆడకే, కాస్త దూరం పోగానే పెట్రోలు దిగడం ఆగిపోతోంది.

మెర్వ్ ఆమె వైపు చూశాడు.

“కిందటేడు గొర్రెల కోసం వెళ్లి, వాగవతల గుండె పట్టుకుని పడ్డావు. సాయంత్రం దాకా ఎవరికీ కనబడలేదు,” అంది డల్సీ. “రెండో గేటైతే వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది.”

మెర్వ్ టీ తాగడం ముగించాడు. మైనాన్ని బొటనవేలితో ఇంకాస్త అదిమి, మూత బిగించాడు.

“కార్బురేటర్‌దే తప్పు,” అన్నాడు. “ఇది బాగుపడేది కాదు.”