మూడు చప్పట్లు

"ఈ బ్యాడ్జీ లేకపోతే నువ్వెవరివి?"

నిండు సభలో, ఆమె మెడలోంచి బ్యాడ్జీ లాగేస్తూ బాస్ అడిగిన మాట అది.

ఆమె చేసిన నేరమల్లా, ఈ చోటు భలే ఉందని మెచ్చుకున్న ఓ పెద్దమనిషితో "వెతికింది నేనేనండీ" అనడం.

పార్టీలకి, కచేరీలకి, వ్యాపారస్తుల పరిచయ సభలకి నగరంలో ఎవరూ చూడని చోట్లు వెతికిపెట్టడం ఆమె పని. మూతపడ్డ మిల్లులూ, మేడమీది తోటలూ, వాడకంలేని గోదాములూ దుమ్ములో తిరిగి పట్టుకునేది ఆమె. పేరు కొట్టేసేది బాస్.

ఆ రోజు గుమ్మం దాటుతూనే ఒట్టు పెట్టుకుంది. ఎప్పటికైనా ఇదే జనం తన సభకి రావాలి. బాస్ మాత్రం బయట నిలబడాలి.

సొంత కంపెనీ పెట్టుకుంది. లేచినా పడుకున్నా అదే ధ్యాస. ఆ కడుపుమంటతో ఓ వీధి వీధంతా దీపాలు వెలిగించొచ్చు.

చివరికి ఆమె కన్ను పాత రికార్డింగ్ హాలు మీద పడింది. చెక్క గోడలు, ఎత్తైన కప్పు. వేదిక మీద గుసగుసలాడినా చివరి వరుసకి వినిపిస్తుంది. బాస్ దాని కోసం ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగినా తాళాలు దొరకలేదు.

ఆశ లేకుండానే కబురు పెట్టింది. మర్నాడే అక్కడి వాచ్‌మన్ తాళాలతో వచ్చాడు.

"ఓనరుగారు మీకైతే ఇమ్మన్నారమ్మా."

"నాకైతేనా? నేను వాళ్ళకెలా తెలుసు?"

"అవన్నీ నాకెందుకు చెప్తారు! ముందు వరుసలో ఒక్క కుర్చీ ఉంచమన్నారు. సభ రోజున తామే వస్తారట."

తన పేరు అంత దూరం పాకిందన్నమాట! ఆమె పొంగిపోయింది. మనిషన్నాక ఆ మాత్రం మురిసిపోకుండా ఉంటారా?

సభ రోజు వచ్చింది. పంతం కొద్దీ బాస్ కూడా అదే సాయంత్రం పెద్ద హోటల్లో విందు పెట్టుకున్నాడు. కార్లన్నీ మాత్రం ఈ హాలు ముందే బారులు తీరాయి. ఆమె గుమ్మంలో నిలబడి ఒక్కొక్క ముఖాన్నీ గుర్తుపట్టింది. ఆనాడు అడ్డుపడకుండా తమాషా చూసినవాళ్ళే అందరూ.

అప్పుడు వినిపించాయి చప్పట్లు.

ఒకటి. రెండు. మూడు.

ఓ పెద్దావిడ గోడవార నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, చంకలో గొడుగు, అరిగిన చెప్పులు. చప్పట్లు కొట్టి, చెవి ఒక పక్కకి వంచి వింటోంది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కొత్త హాల్లో అడుగు పెట్టగానే మూడు చప్పట్లు కొట్టి, చెవి వంచి, గోడలేం బదులిస్తాయో వినడం బాస్ అలవాటు. ఇంకెవరూ అలా చేయగా ఆమె చూడలేదు.

గబగబా వెళ్ళింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఒకరు పంపితే వచ్చే రకాన్ని కాదమ్మా." పెద్దావిడ నవ్వింది. "హాలుకి మళ్ళీ ప్రాణం పోశావు."

"ఈ చప్పట్ల విద్య ఎవరు నేర్పారు?"

"నేర్పడమేమిటి, ఇది నా..."

"మా పాత బాస్ తెలుసా మీకు? నిజం చెప్పండి."

పెద్దావిడ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"తెలుసు. బాగా తెలుసు."

ఇంకేం కావాలి! ఓర్వలేక గూఢచారిని పంపాడన్నమాట, అదీ జాలిగొలిపే వేషంలో.

జనం చూస్తుండగానే ఆవిడ మెడలోని అతిథి బ్యాడ్జీ పట్టుకుని లాగింది. తాడు పుటుక్కున తెగింది.

"ఈ బ్యాడ్జీ లేకపోతే మీరెవరు?"

ఆ ఒక్క మాట అనడానికి ఎన్నాళ్ళు పళ్ళు నూరుకుందో! బాస్ ముఖానే అన్నంత హాయిగా ఉంది.

పెద్దావిడ మెడ తడుముకుంది.

"వాడు నీకు చేసింది ఇదేనా తల్లీ?"

"విన్నారా! అంతా పూసగుచ్చినట్టు చెప్పి మరీ పంపాడు! బయటికి నడవండి."

ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, ఒకసారి పైకప్పు వంక చూసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

సభ అదిరిపోయింది. హోటల్లో సగం కుర్చీలు ఖాళీ అని కబురొచ్చింది. ఆమె పగ చల్లారింది. వేదిక మీద అందరికీ దండం పెట్టి, ఓనరుగారికి నాలుగు మంచి మాటలు చెబుదామని ముందు వరుస వైపు చూసింది.

ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

ఇంతలో ఫోన్ మోగింది. బాస్!

ఈ క్షణం కోసమే కదా బతికింది. తెర వెనక్కి వెళ్ళి తీరిగ్గా ఎత్తింది.

"ఏం బాస్, లోపలికి రావడానికి బ్యాడ్జీ కావాలా?"

"వద్దు." ఆ గొంతులో పాత పొగరు లేదు. "మా అమ్మకి ఒక్కసారి ఫోనివ్వు. నేను చేస్తే ఎత్తడంలేదు."

"మీ అమ్మగారు ఇక్కడెందుకుంటారు?"

"రాలేదా? ముందు వరుసలో కూర్చుని నీకు చప్పట్లు కొడతానని పొద్దుటినుంచీ ఒకటే హడావిడట!"

తెగిన తాడు ఆమె మణికట్టుకి ఇంకా చుట్టుకునే ఉంది.

"ముందు వరుసలోనా?" అంది.

"నీకు తెలీదా? నిన్ను గెంటేశానని విన్న రోజే నా ముఖాన తలుపేసి, ఆ హాలంటూ ఇస్తే ఆ పిల్లకే ఇస్తానని భీష్మించుకు కూర్చున్నది మా అమ్మే."