జాడలేని పిల్ల

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే మా శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. దేశ రహస్యాలు కాపాడ్డానికి కుర్రవాళ్ళు కావాలి, వాళ్ళ గతంలో చిన్న మచ్చ కూడా ఉండకూడదు అని. మర్నాడే కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. మచ్చ లేని పిల్లలు దొరకరు కాబట్టి, అలాంటివాళ్ళని పెంచడం ఎలాగో తల్లిదండ్రులకి నేర్పాయి. ఫోను లేదు, ఫొటో లేదు, బడి లేదు, స్నేహం అసలే లేదు. మన జనం సంగతి తెలిసిందేగా, సర్కారు కొలువంటే చాలు, పురిట్లోనే చేర్పించేశారు.

అలా పెరిగి, ఇరవయ్యేళ్ళకి ఆ కొలువుకి దరఖాస్తు పెట్టిన తారక గురించి విచారించడానికి నిన్న మర్రిపాలెం వెళ్ళాను. ముందు పక్కిళ్ళలో అడిగాను.

"వాళ్ళకి పిల్లలెక్కడున్నారండీ?" అన్నారు.

ఆ మాట చెబితే తండ్రి భానోజీరావు పొంగిపోయాడు. "చూశారా సార్! ఇన్నేళ్ళలో నరమానవుడికి తెలిస్తే ఒట్టు!"

"ఈ అమ్మాయి మాకు తెలుసని బయటివాళ్ళు ఇద్దరు చెప్పాలండీ. రూలు."

ఆయన మొహం మాడిపోయింది. "కోచింగ్‌లో ఆ ముక్క చెప్పలేదే!" అంటూ సెంటరువాళ్ళని తిట్టడానికి ఫోను పట్టుకుని లోపలికెళ్ళాడు. కూతురి వైపు చూడను కూడా లేదు.

తారక మాత్రం రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది.

"మీరు నన్ను చూశారు కదండీ, అంటే ఒకరయ్యారు," అంది. "మీకు తెలిసినవాళ్ళు ఇంకొకరెవరైనా ఉంటే, రేపు తీసుకొస్తారా?"