నీళ్ళలోకి దింపిన డాక్టరు

“తల తుడుచుకో అమ్మాయ్! నీళ్ళు కారుతున్నాయి.”

క్లినిక్ బయట బెంచీ మీద కూర్చున్న బక్కపల్చటి ముసలాయన గద్దించాడు. గద్దించడానికి ఆయనకు కొత్తా పాతా లేనట్టుంది.

ఈత టీచరుకు నవ్వొచ్చింది. పొద్దుటి క్లాసు ముగించి నేరుగా ఇటే వచ్చింది. లోపల డాక్టరమ్మ ఎవరినో చూస్తోంది. చేసేది లేక ఆయన పక్కనే కూర్చుంది.

“అలవాటే తాతగారూ. పిల్లలకి ఈత నేర్పుతాను.”

“తడి తలతో తిరిగితే ఉబ్బసం పట్టుకుంటుంది.”

“అది చిన్నప్పుడే పట్టుకుంది. ఈతతోనే దారికొచ్చింది. అంతా మా డాక్టరుగారి చలవ.”

ముసలాయన కళ్ళు పెద్దవి చేశాడు. “ఉబ్బసం పిల్లని నీళ్ళలోకి దింపాడా? వాడికి బుద్ధుందా?”

ఆమెకు చుర్రుమంది.

“ఆయన్నేమీ అనకండి. మీకు తెలీదు.”

ఇక ఆగలేకపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషికి మొత్తం చెప్పేసింది.

చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ఆమెను గాజుబొమ్మలా చూసేవారు. ఆటల్లేవు, పరుగుల్లేవు. కిటికీ పక్కన కుర్చీ, ఒంటి మీద స్వెట్టరు. అంతే లోకం.

డాక్టరుగారిది నిండైన విగ్రహం, గుబురు మీసం. చూస్తేనే హడలిపోయేది. ఆయన మాత్రం స్టెతస్కోపు తీసి ముందు ఆమె చెవుల్లోనే పెట్టేవారు.

“ముందు నువ్వు నన్ను చూడు. తరవాత నేను నిన్ను చూస్తా.”

ఆయన గుండె చప్పుడు వింటూ తన ఆయాసం సంగతే మరిచిపోయేది.

మందులతో ఊపిరి కుదుటపడ్డాక, ఈత నేర్పించమన్నారు. నాన్న ససేమిరా అన్నాడు. నానమ్మ డాక్టరుగారి ఏడు తరాలనూ దులిపేసింది. ఆయన వాదించలేదు. ఆదివారం తనే వచ్చి, మెడలో స్టెతస్కోపుతో కొలను గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. ఆమెకు ఈత వచ్చేదాకా ఏ ఆదివారమూ మానలేదు.

“ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదిన రోజు, అంత మనిషీ చిన్నపిల్లాడిలా గంతులేశారు తాతగారూ!”

ముసలాయన కాసేపు ఆలోచించాడు.

“అయితే మంచివాడే” అని ఒప్పుకున్నాడు. “ఎక్కడున్నాడిప్పుడు?”

“ఈ డాక్టరమ్మ ఆయన కూతురేనని నిన్ననే తెలిసింది. ఆయన్ని ఒక్కసారి మా కొలను దగ్గరికి తీసుకెళ్ళాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఉబ్బసం పిల్లలూ ఉన్నారు. వాళ్ళు ఈదుతుంటే ఆయన చూడాలి.”

“కనిపిస్తే నేనూ చెప్తాలే” అని ఆయన భరోసా ఇచ్చాడు.

ఇంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది.

ఆమె వచ్చిన పని చెబుతుంటే డాక్టరమ్మ మొహం వాడిపోయింది.

“నాన్నగారికి ఇప్పుడేమీ గుర్తులేదండీ. నా పేరు కూడా. తను డాక్టరునన్న సంగతే మరిచిపోయారు.”

టీచరు కళ్ళు చెమర్చాయి.

“ఎంత ఆలస్యం చేశాను! ఆయన వల్లే బతికానని ఒక్క మాట చెప్పుకోవాలనుకున్నానండీ.”

“చెప్పేశారుగా, ఈ కిటికీలోంచి అంతా వినబడింది” అంది డాక్టరమ్మ. “ఎవరు పలకరించినా మాట పూర్తి కాకముందే లేచి వెళ్ళిపోయే మా నాన్నగారు, ఇందాక ఆ బెంచీ మీద మీ పక్కన కూర్చుని చివరిదాకా విన్నారు.”