కాపలా ఎలుకలు

"నీ కార్డు ఇక్కడ పెట్టు. రేపటి నుంచి ఈ గడప తొక్కక్కర్లేదు," అన్నాడు డైరెక్టరు.

రీసెర్చి చేస్తున్న అమ్మాయి ఆయన భుజం మీదుగా చూసింది. ఆయన వెనక, అద్దం తలుపుకు అవతల, ఎలుకల గది. కొత్తగా తెప్పించిన తెల్ల ఎలుకలు బొచ్చు రేగిపోయి, పంజరాల మూలల్లో ముడుచుకుని, ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతున్నాయి. వైరస్ అని ఆ పొద్దునే తేలింది. ఇక గది మొత్తం ఖాళీ చెయ్యక తప్పదు. ఆమె ఏళ్ళ తరబడి చేసిన పనంతా ఆ గదిలోనే ఉంది.

"నేనేం చేశాను సార్?"

"ఏం చేశావా? ఇంట్లో హామ్‌స్టర్‌ని ముద్దు చేసి, అవే చేతులతో వచ్చి నా ఎలుకల్ని ముట్టుకున్నావు! ఇక్కడ పనిచేసేవాళ్ళు ఇంట్లో ఎలుక జాతిని పెంచకూడదని మొదటి రోజే చెప్పానా లేదా? నీ ఫోన్లో దాని ఫోటో చూశాన్లే!"

"అది మా అక్క కొడుకుది సార్. వాళ్ళుండేది వేరే ఊళ్ళో. నేను దాన్ని ఫోటోలో తప్ప చూడనే లేదు."

"దొరికిపోయాక అందరూ చెప్పే మాటే ఇది."

ఫోటోలోంచి వైరస్ దూకుతుందా? ఆ మాత్రం ఆలోచన ఆయనకు లేక కాదు. కాకపోతే తప్పు ఎవరో ఒకరి నెత్తిన రుద్దితే గానీ కొందరు పెద్దమనుషులకు అన్నం సహించదు. చిన్నవాళ్ళ నెత్తి ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది.

అక్కడే ఉన్న పశువుల డాక్టరమ్మ ఇక ఊరుకోలేకపోయింది.

"తొందరపడకండి సార్. ముందు పాత ఎలుకల్ని అనుమానించాలి. తల్లి కడుపులో ఉండగానే ఈ వైరస్ అంటుకుంటే ఎలుకకు పైకి ఏమీ కాదు. బతికినన్నాళ్ళూ బొద్దుగా తిరుగుతూ, దాన్ని ఒంట్లో మోస్తూనే ఉంటుంది. బయటి నుంచి కొత్త ఎలుక వచ్చి చేరిందా, దానికి మూడినట్టే."

"మరి కాపలా ఎలుకలు ఎందుకున్నాయమ్మా, నా మొహం చూడ్డానికా?" డైరెక్టరు బల్ల మీద గుద్దాడు. "ప్రతి ర్యాకులోనూ అడుగున వాటికో పంజరం పెట్టాం. వారం వారం మిగతా పంజరాల్లోని మురికి పొట్టు తీసి వాటి కింద పరవాలని రూలు. ఎక్కడ ఏ రోగమున్నా ముందు వాటికే అంటాలి, వాటి రక్తంలో తెలిసిపోవాలి. ఏడాదిగా ఒక్కసారన్నా తేడా వచ్చిందా? మొన్నటి పరీక్షలో కూడా సుబ్బరంగా ఉన్నాయి! అంటే పాతవాటిలో ఏమీ లేదు. రోగం బయటి నుంచి వచ్చింది. తెచ్చింది ఇదిగో, ఈ మహాతల్లి!"

డాక్టరమ్మ కాపలా ఎలుకల రిపోర్టులు మరోసారి తిరగేసింది. అన్నీ సుబ్బరంగానే ఉన్నాయి.

అమ్మాయి మెడలోంచి కార్డు తీసింది.

"పొమ్మంటే పోతాను సార్. కానీ చెయ్యని తప్పు ఒప్పుకుని మాత్రం పోను," అంటూ కార్డు బల్ల మీద పెట్టింది.

అప్పుడే తలుపు తోసుకుని లోపలికొచ్చింది ఎలుకల పిన్ని. పంజరాలు కడిగి, మేత పెట్టి, ఆ గదిని అద్దంలా ఉంచే మనిషి కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది.

"ఏం మాటలండీ ఇవి? వరండా అంతా వినపడుతోంది! ఈ పిల్ల రెండుసార్లు చేతులు కడుక్కుంటే గానీ పంజరం ముట్టుకోదు. దీన్ని పట్టుకుని రోగం తెచ్చిందంటారా? కళ్ళు పోతాయి!"

"నిన్నెవరూ ఏమీ అనలేదు పిన్నీ," డైరెక్టరు గొంతు తగ్గించాడు. "అసలు శుభ్రమంటే ఏమిటో వీళ్ళంతా నిన్ను చూసి నేర్చుకోవాలి. నువ్వొచ్చిన దగ్గర్నుంచి కాపలా ఎలుకల మీద ఈగ వాలలేదు. ఈ అమ్మాయి మాట అబద్ధమనడానికి నీ ఎలుకలే సాక్ష్యం."

పొగడ్తకు పిన్ని కోపం సగం దిగింది. మిగతా సగం మాత్రం చాలాకాలంగా కడుపులో దాచుకున్నది. చీపురు గోడకు ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఎందుకు వాలుతుంది? పక్క పంజరాల పెంటంతా ఎత్తుకొచ్చి, నోరులేని జీవాలు కదా అని, వాటి కింద పరవమన్నారు మీరు! నేను మనిషిని కానా? ఒక్కనాడంటే ఒక్కనాడు పరవలేదు, వాటికెప్పుడూ కొత్త పొట్టే వేశాను!"